జాలీ అవతల రాకీ: పక్కింటి కుక్క మొరుగుడు మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసులో నన్ను పిలిచింది కుక్క యజమాని కాదు, పక్కింటావిడ. పశువైద్యుడి దగ్గరికి మామూలుగా కుక్కను పెంచుకునేవాళ్లే వస్తారు. ఆ కుక్కతో ఇబ్బంది పడేవాళ్లు మాత్రం గొడవ పెట్టుకుంటారు, లేకపోతే లోపలే మగ్గిపోతారు. ఈమె మూడో దారి అడిగారు. అందుకే రెండిళ్లవాళ్ల అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి, ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను.

నల్లగొండలో పానగల్లు వైపు పోయే దారిలో ఒక కొత్త కాలనీ. అక్కడ రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉంటారు. వయసు 60 దాటింది, మోకాళ్ల నొప్పులున్నాయి. రెండు ప్లాట్ల మధ్య ఇంకా ప్రహరీ గోడ లేదు. రాతి కడీలు పాతి, 5 అడుగుల ఎత్తున జాలీ కొట్టారు. ఆమె మందార, నందివర్ధనం చెట్లు, బట్టలారేసే తీగ, బోరు మోటారు స్విచ్చు అన్నీ ఆ జాలీ పక్కనే ఉన్నాయి. అవతల ఇంట్లో రాకీ ఉంది. మూడేళ్ల మగ కుక్క, లాబ్రడార్‌కూ నాటు కుక్కకూ పుట్టింది, బరువు 28 కిలోలు. ఆమె వెనక తలుపు తీస్తే చాలు, జాలీ మీద ముందుకాళ్లు వేసి నిలబడి, ఆమె లోపలికి వెళ్లేదాకా మొరుగుతుంది. పొద్దున్నే పూజకు పూలు కోయడం ఆమె మానేశారు. బట్టలు డాబా మీద ఆరేస్తున్నారు. మోకాళ్ల నొప్పితో రోజూ మెట్లెక్కడం అంటే చిన్న విషయం కాదు.

ఆమె నన్ను అడిగిన మాట ఇది: "దానికి నేనంటే ఎందుకంత కోపం డాక్టరుగారూ? దాన్ని మచ్చిక చేసుకునే దారి ఏమన్నా ఉందా? ఎండాకాలం సెలవులకు మనవడొస్తడు, వానికి ఆరేండ్లు. వాడు ఆ జాలీల చెయ్యి పెడితే?"

అప్పటికే చాలామంది చాలా సలహాలు ఇచ్చి ఉన్నారు. బకెట్ నీళ్లు గుమ్మరించమన్నారు, కర్రతో జాలీ మీద కొట్టమన్నారు. ఒకాయనైతే కారం చల్లమన్నాడు. నీళ్లు, కర్ర ఆమె ప్రయత్నించారు. అవతలివైపు యజమాని ఇంట్లో ఉంటే, రాకీ మొరిగినప్పుడల్లా చెప్పు తీసి రెండు తగిలించేవాడు. మొరుగుడు ఏమాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

యజమానితో మాట

పక్కింటి కుక్కను మచ్చిక చేసుకోవాలని అడిగేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒకటే. యజమానికి తెలియకుండా జాలీలోంచి ఒక్క బిస్కెట్ ముక్క కూడా వేయొద్దు. ఆ కుక్కకు ఏది పడదో మనకు తెలియదు. రేపు దానికి వాంతులైతే మొదటి అనుమానం మనమీదికే వస్తుంది. మన కాలనీల్లో కుక్కలకు విషం పెట్టిన సంగతులు అందరూ విన్నవే. జంతువును చంపినా, విషం పెట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. అంత భయం ఉన్నచోట, అడగకుండా వేసిన ముక్క స్నేహం లాగా కనపడదు.

అందుకని టీచరమ్మ, నేను కలిసి పక్కింటికి వెళ్లాం. యజమాని మిర్యాలగూడ రోడ్డులో ఒక రైస్ మిల్లులో పనిచేస్తాడు. పొద్దున పోతే రాత్రికి గానీ రాడు, ఆదివారమే దొరికాడు. ఆయన మొదటి మాట: "మొరగకుంటే కుక్క ఎందుకు సారూ? కోతుల బాధకే తెచ్చుకున్నం. ఇది వచ్చినంక మా జామచెట్టు మీదికి ఒక్క కోతి రాలే."

ఆయన మాటను నేను కొట్టిపారేయలేదు. మన జిల్లాల్లో కోతుల బెడద ఎలాంటిదో ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. వంటింట్లోకి దూరి బియ్యం డబ్బా ఎత్తుకుపోతాయి. ఆ ఇంట్లో రాకీకి ఒక ఉద్యోగం ఉంది. జాలీ దగ్గర నిలబడి మొరగడమే ఆ ఉద్యోగం, దానికి మెచ్చుకోలు కూడా దొరుకుతోంది. కోతిని చూసి మొరిగితే శభాష్, టీచరమ్మను చూసి మొరిగితే చెప్పుదెబ్బ. ఈ తేడా కుక్కకు ఎవరూ నేర్పలేదు. "కోతులను చూసి మొరగనియ్యండి. టీచరమ్మను చూసి మొరిగే పని లేదని మాత్రం దానికి నేర్పుదాం" అని చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. ఆయన భార్య టీచరమ్మ చెయ్యి పట్టుకుని, "ఇన్నిరోజుల సంది ఇబ్బంది పడుకుంట మాకు ఒక్క మాట చెప్పకపోతిరి అమ్మా" అంది. టీచరమ్మ, గొడవవుతుందేమోనని ఊరుకున్నానన్నారు.

ఇంటర్ చదివే వాళ్లబ్బాయి ఈ పనికి ముందుకొచ్చాడు. రాకీ ఎక్కువగా వినేది అతని మాటే. తిండి ఎవరు వేయాలి, ఏం వేయాలి, ఎప్పుడు వేయకూడదు అన్నవి ఒక కాగితం మీద రాసి రెండిళ్లలో పెట్టాం. నా అనుభవంలో కుక్కకు నేర్పే పని కంటే ముందు ఈ కాగితం కుదరాలి. ఇది కుదరని చోట నేను కేసు తీసుకోను.

ముందు ఒంటి పరీక్ష

ప్రవర్తన మారిందంటే, లేదా అనుకున్నదానికంటే దురుసుగా ఉందంటే, ముందు నొప్పి ఉందేమో చూడాలి. ఇంటర్ అబ్బాయి ఒక మాట అన్నాడు: "తల నిమురుతుంటే ఒక్కోసారి గుర్రుమంటది సార్." చూస్తే కుడి చెవిలో గోధుమ రంగు జిగట, పుల్లటి వాసన. లాబ్రడార్ పోలికతో వచ్చిన వేలాడే చెవులు, పైగా వానాకాలం తేమ. లోపల ఫంగస్ ఇన్ఫెక్షన్ ముదిరి ఉంది. చూసేటప్పుడు కరవకుండా బుట్టలాంటి మూతి తొడుగు వేశాను. గుడ్డతో మూతి బిగించి కట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. కుక్క ఒంటి వేడి తగ్గించుకునేదే నోరు తెరిచి రొప్పడంతో. మన ఎండల్లో ఆ గుడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

చెవి నొప్పితో ఉన్న కుక్కకు చెప్పుదెబ్బ ఎలా ఉంటుందో ఆ ఇంట్లో అందరికీ ఒకేసారి అర్థమైంది. యజమాని అక్కడే కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో రాకీ మీద చెయ్యి లేవలేదు. చెవి కడగడం, మందు వేయడం వారాల తరబడి సాగింది. అది తగ్గేదాకా తల దగ్గర తాకే పనులేవీ పెట్టుకోలేదు.

రేబిస్ టీకా కార్డు చూస్తే గడువు దాటిపోయి ఉంది. మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. ఆ రోజే వేశాను. టీచరమ్మకు మాత్రం విడిగా చెప్పాను. కుక్కకు టీకా ఉన్నా సరే, పన్ను గీరుకుని రక్తం వచ్చినా, గాయం మీద చొంగ పడినా, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ప్రభుత్వాస్పత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. చర్మం తెగి రక్తం వచ్చినా, గాయం మీద చొంగ పడినా మొదటి రోజే గాయం చుట్టూ, వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయాలి. "కరిచిన కుక్కను పది రోజులు చూసి అప్పుడు పోదాం" అనుకోవడం చాలా ప్రమాదం. కుక్కను గమనించాల్సిందే, కానీ సూది మాత్రం ఆ రోజే మొదలుకావాలి. పసుపు, సున్నం, కారం గాయానికి పెట్టకూడదు.

కోపం కాదు, కంగారు

కిటికీలో ఫోన్ పెట్టి వీడియోలు తీయమని అబ్బాయికి చెప్పాను. మనిషి దగ్గర నిలబడి చూస్తే కుక్క తీరు మారిపోతుంది, వీడియోలో అసలు తీరు కనపడుతుంది. అందులో తేలిన విషయాలు ఈ కేసుకు ఆయువుపట్టు.

టీచరమ్మ వరండా చివర కుర్చీలో కూర్చుంటే రాకీ చెవులు రిక్కించి చూస్తుందే తప్ప మొరగదు. ఆ దూరం సుమారు 25 అడుగులు. ఆమె లేచి 15 అడుగుల లోపలికి వస్తే ఇది లేస్తుంది, నోరు మూసుకుంటుంది, ఒళ్లు బిగుస్తుంది. స్టీలు బకెట్ చప్పుడైతే ఇక ఆగదు. జాలీ దగ్గర మొరిగేటప్పుడు తోక నిటారుగా లేచి వేగంగా కదులుతుంది. తోక ఊపుతోంది కదా, ఆడుకుందామంటోందేమో అని పొరపడేవాళ్లు ఎక్కువ. బిగుసుకుపోయిన ఒంటితో, పైకి లేచిన తోకతో ఊపడం ఉద్రేకమే, స్నేహం కాదు. స్నేహంగా ఉన్న కుక్క నడుము దగ్గర నుంచి మెలికలు తిరుగుతుంది. దాని నోరు వదులుగా తెరుచుకుని ఉంటుంది. రాకీకి మాత్రం వీపు మీద వెంట్రుకలు లేచాయి, మధ్యమధ్యలో పెదాలు నాకుతోంది, ఒకసారి ఆవలించింది. ఇవన్నీ భయం కలిసిన కంగారుకు గుర్తులు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేయగానే మొరుగుడు ఆగి, వెనక కాళ్లతో మట్టి గీరి, ఒళ్లు విదిలించుకుని వెళ్లి పడుకుంటోంది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. రాకీ మొరుగుతుంది, ఆమె వెళ్లిపోతుంది. రాకీ లెక్కలో తన మొరుగుడు పనిచేసింది. ఆమె తన పని అయిపోయి వెళ్లిందని దానికి తెలియదు. పాలవాడు, కొరియర్ వాళ్లు, చెత్త ఆటో అందరూ అంతే, మొరిగితే వెళ్లిపోతున్నారు. రోజుకు ఎన్నోసార్లు గెలుస్తున్న పనిని ఏ కుక్కా మానదు. దీనికి తోడు టీచరమ్మ కనిపించినప్పుడే చెప్పుదెబ్బలు పడుతున్నాయి. అంటే ఆమె రాక దెబ్బలకు సూచన అయిపోయింది. కొట్టేది యజమాని, కానీ కుక్క మనసులో ఆ నొప్పి ముడిపడేది ఆమెతో. కర్ర, నీళ్లు ఆ ముడిని ఇంకా బిగించాయి. ఆన్‌లైన్‌లో అమ్మే, మొరిగితే మెడకు షాక్ కొట్టే కరెంటు బెల్టుల గురించి యజమాని అడిగాడు. అదే కారణం చెప్పి వద్దన్నాను.

కాబట్టి ఆమె అడిగిన "కోపం ఎందుకు" అన్న ప్రశ్నకు నేనిచ్చిన జవాబు: అది మీ మీద కోపం కాదు. మీరు వస్తే ఏదో చెడు జరుగుతుందని దానికి అలవాటైంది. మీరు వస్తే మంచి జరుగుతుందని అలవాటు చేయాలి, అదీ అది తట్టుకోగల దూరం నుంచి.

చుట్టూ చేసిన మార్పులు

మొరిగి గెలిచే అవకాశాలు రోజూ దొరుకుతుంటే నేర్పినదంతా వృథా అవుతుంది. అందుకే ముందు ఆ అవకాశాలు తగ్గించాం. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను బట్టల తీగ ఉన్నంత మేర జాలీకి కట్టాం. మొత్తం మూసేయలేదు. ఏమీ కనపడకపోతే ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడే కుక్కలు కొన్ని ఉంటాయి, రాకీ అలాంటిదే. మోటారు స్విచ్చును ఎలక్ట్రీషియన్‌తో వరండాలోకి మార్పించారు. స్టీలు బకెట్ పోయి ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. టీచరమ్మ వైపు జాలీకి 3 అడుగుల ఎడంగా పూలకుండీలు వరసగా పెట్టించాం. మనిషి చెయ్యి అనుకోకుండా కూడా జాలీ దాకా పోకూడదు, కుక్క మూతి మనిషి దాకా రాకూడదు. ఈ కుండీల వరస అన్నిటికంటే మనవడి కోసం.

పగలు కొన్ని గంటలపాటు రాకీ మెడలో 4 అడుగుల గొలుసు ఉండేది. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ క్రూరత్వంగానే లెక్కిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, చూస్తూ అందుకోలేని కుక్కకు ఉద్రేకం పేరుకుపోతుంది. సాయంత్రం విప్పగానే అదంతా జాలీ మీద చూపిస్తుంది. గొలుసు తీసేసి వెనక పెరడు మొత్తం తిరగనిచ్చారు. వేకువనే అబ్బాయి ఉదయ సముద్రం కట్ట వైపు నడకకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఈ నడకలో వేగం ముఖ్యం కాదు, వాసన చూడనివ్వడం ముఖ్యం. తినే అన్నంలో కొంత తీసి జొన్నరొట్టె ముక్కలుగా గడ్డిలో చల్లితే, వెతుక్కుని తింటూ చాలాసేపు నిమ్మళంగా ఉంటుంది.

తిండి ఎవరి చేతి నుంచి రావాలి

చాలామంది తడబడేది ఇక్కడే. మచ్చిక చేసుకోవడం అంటే జాలీ దగ్గరికి వెళ్లి తినిపించడమే అనుకుంటారు. భయపడే కుక్క ముక్క కోసం దగ్గరికి వస్తుంది. ముక్క నోట్లో పడ్డాక తల ఎత్తి చూస్తే, భయపడే మనిషికి మరీ దగ్గరగా ఉన్నానని తెలుస్తుంది. కరిచేది అప్పుడే. ఆకలి దాన్ని ముందుకు తీసుకొచ్చింది, ధైర్యం కాదు.

అందుకే మొదట్లో టీచరమ్మ చేతిలో తిండి లేదు. ఆమె పని ఒక్కటే: వరండా చివర కనిపించడం, కాసేపు ఉండి లోపలికి వెళ్లడం. అవతల రాకీ పక్కన నిలబడ్డ అబ్బాయి, ఆమె కనిపించిన తర్వాత ఉడికించిన కోడి ముక్కలు ఒకదాని వెంట ఒకటి వేస్తాడు. ఆమె లోపలికి పోగానే ఆపేస్తాడు. వరస మారకూడదు. ముందు ఆమె, తర్వాత ముక్క. ముక్క సంచీ చప్పుడు ముందు వినిపిస్తే సంచీ శుభవార్త అవుతుంది గానీ ఆమె కాదు. మొరగకపోతేనే వేయాలా అని అబ్బాయి అడిగాడు. ఈ దశలో బహుమానం ఇవ్వడం లేదు, ముడి మారుస్తున్నాం. కాబట్టి ఆమె కనిపిస్తే ముక్క పడాల్సిందే. మొరిగిందంటే తప్పు దానిది కాదు, ఆమె దగ్గరికి ఎక్కువ వచ్చారని అర్థం, ఇంకా వెనక్కి జరగాలి.

దూరం సరిగ్గా ఉందో లేదో చెప్పే గుర్తు తిండే. ఇష్టమైన ముక్క ముందు పడినా వాసన చూడకపోతే అది హద్దు దాటిపోయిందని తెలుసుకుని, ఆ పూటకు ఆపేయాలి. ముక్కలు శనగ గింజంత ఉంటే చాలు. రోజు మొత్తం తిండిలో ఇవి పదో వంతు మించకుండా, ఆ మేరకు అన్నం తగ్గించాం. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఆదివారం మటన్ బొక్కలు వేసే అలవాటు కూడా మాన్పించాను, ఉడికిన బొక్క చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

బతుకమ్మ నాటికి ఒక మార్పు వీడియోలో స్పష్టంగా కనపడింది. టీచరమ్మ తలుపు తీయగానే రాకీ ఆమెను చూసి, వెంటనే తల తిప్పి అబ్బాయి వైపు చూసింది. ముక్క ఏదీ అన్నట్టు. ముడి మారిందనడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు. అప్పటి నుంచి కొంచెం కొంచెంగా దూరం తగ్గించాం.

పైపు

దూరం సుమారు సగానికి తగ్గాక, ముక్కలు ఆమె వైపు నుంచి రావడం మొదలుపెట్టాం. ఆమె శాకాహారి, కోడి ముట్టుకోరు. పన్నీరు, ఉడికించిన చిలగడదుంప ముక్కలతో పని జరిగింది. 5 అడుగుల జాలీ మీది నుంచి విసరడానికి ఆమె భుజం సహకరించలేదు. పైగా చెయ్యి పైకెత్తితే రాయి విసురుతున్నారని కుక్కలు అనుకుంటాయి. మన వీధుల్లో పెరిగిన ఏ కుక్కకైనా ఆ భయం ఉంటుంది.

బోరు వేసినప్పుడు మిగిలిన పీవీసీ పైపు ముక్క ఒకటి ఆమె పెరట్లో పడి ఉంది. దాన్ని కుండీల వరస దగ్గర నుంచి జాలీ అడుగు సందులోంచి అవతలికి వాలుగా అమర్చాం. ఆమె చిన్న స్టూలు మీద పక్కకు తిరిగి కూర్చుని పైపులో ముక్క వేస్తే, అది జారి జాలీకి దూరంగా, పెరటి లోపలివైపు పడుతుంది. ముక్క తినాలంటే రాకీ ఆమెకు వీపు చూపి దూరం వెళ్లాలి. తిన్నాక రావాలనిపిస్తే వస్తుంది, లేకపోతే లేదు. దగ్గరికి రావడం దాని ఇష్టం. భయపడే కుక్కకు ఈ స్వేచ్ఛే అన్నిటికంటే పెద్ద బహుమానం.

కళ్లలోకి చూడకూడదు, మీదికి వంగకూడదు, "రా రా" అని పిలవకూడదు. బయటికి రాకముందే ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పాలి. ఉలిక్కిపడటం తగ్గుతుంది. ఆమె ఎంచుకున్న మాట: "రాకీ, మంచిగున్నవా బిడ్డా." తలుపు తీయకముందే లోపల నుంచి అనేవారు. కొంతకాలానికి ఆ మాట వినగానే రాకీ పైపు దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. కూర్చోమని ఎవరూ నేర్పలేదు.

దీపావళి దెబ్బ

అంతా బాగుందనుకునేలోపు దీపావళి వచ్చింది. ఆ పూట సాయంత్రం నుంచి రాకీ మంచం కింద దూరింది. మర్నాడు టీచరమ్మ పలకరిస్తే మునుపటిలాగే జాలీ మీదికి దూకింది. ఆమె చాలా బాధపడ్డారు, మొదటికొచ్చిందనుకున్నారు. మొదటికి రాలేదు. పటాకుల భయం, నిద్రలేమి, దానికితోడు ఆ వారం కోతుల గుంపు రావడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. అలా పేరుకున్న ఉద్రేకం కుక్క ఒంట్లోంచి దిగడానికి గంటలు కాదు, రోజులు పడుతుంది. అప్పుడు సాధన చేయించడం దండగ. కొన్ని రోజులు అన్నీ ఆపేసి, వేకువ నడక, నిద్ర మాత్రమే ఉంచాం. తర్వాత మళ్లీ వరండా చివర కుర్చీ నుంచి మొదలుపెడితే, మొదట చాలా కాలం పట్టిన దూరం ఈసారి తొందరగా తగ్గింది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. కోతులొచ్చిన రోజు పైపు పని ఉండదు. యజమాని భార్య టీచరమ్మకు ఫోన్ చేసి చెప్పేస్తుంది. కొన్ని కుక్కలకు కంగారు తగ్గించే మందులు కూడా అవసరమవుతాయి. రాకీకి ఆ అవసరం రాలేదు.

రోడ్డు మీద నడక

జాలీ దగ్గర ఎంత స్నేహం కుదిరినా, జాలీ లేకుండా కలిసినప్పుడు అదే స్నేహం ఉంటుందని అనుకోకూడదు. అందుకే సంక్రాంతి తర్వాత వాళ్లిద్దరినీ ఎవరి ఇల్లూ కాని చోట కలిపాం. కాలనీ రోడ్డుకు ఒకవైపు అబ్బాయి తాడుతో రాకీని, రెండోవైపు టీచరమ్మ నెమ్మదిగా, ఒకే దిక్కుగా నడిచారు. ఎదురెదురుగా రావడం కుక్క భాషలో సవాలు లాంటిది. పక్కపక్కన నడవడం కలిసి పోవడం. ఆమె మోకాళ్లకు తగ్గట్టు కొద్ది దూరమే. రాకీ నేల వాసన చూస్తూ, తాడు వదులుగా, మధ్యలో ఆమె వైపు ఒక చూపు చూసి మళ్లీ నడిచింది. ఆ తర్వాతి నడకల్లో ఇద్దరి మధ్య రోడ్డు వెడల్పు తగ్గుతూ వచ్చింది.

తాకడం ఎప్పుడన్నది ఆమెకే వదిలేశాను. తాకకపోయినా ఈ కేసు విజయమే. పూలు కోసుకోగలగాలి, బట్టలు కింద ఆరేసుకోగలగాలి, ఇద్దరికీ టెన్షన్ ఉండకూడదు, మనం పెట్టుకున్న లక్ష్యం అదే. ఆమెకు ఇష్టం కలిగిన రోజు రాకీ తానే వచ్చి ఆమె చీర కుచ్చిళ్ల దగ్గర వాసన చూసి, పక్కన ఒళ్లు ఆనించి నిలబడింది. ఛాతీ పక్కన మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయమన్నాను. తీసేశాక దగ్గరికి జరిగితే ఇంకా కావాలని, తల తిప్పినా పెదాలు నాకినా చాలని. రాకీ దగ్గరికి జరిగింది. తల మీద చెయ్యి వేయడం మాత్రం చెవి పూర్తిగా తగ్గినా వద్దనే చెప్పాను, ఆ నొప్పి జ్ఞాపకం దానికి ఉంటుంది.

మనవడు వచ్చాక

ఎండాకాలం వచ్చింది. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, కాబట్టి పనులన్నీ పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక. టీచరమ్మతో కుదిరిన స్నేహం మనవడికి దానంతటదే రాదు. చిన్నపిల్లలు పరుగెత్తుతారు, కీచుగా అరుస్తారు, వాళ్ల ముఖం కుక్క ముఖానికి సమానమైన ఎత్తులో ఉంటుంది. పిల్లలకు కుక్కకాట్లు ఎక్కువగా తల, ముఖం మీద పడేది అందుకే. బాబుకు మళ్లీ వరండా చివరి కుర్చీ నుంచే మొదలుపెట్టాం. వాడికి రెండు నియమాలు: కుండీల వరస దాటకూడదు, పెద్దవాళ్లు లేకుండా పెరట్లోకి రాకూడదు. టీచరమ్మ అవి గోడ మీద సుద్దతో రాసి, రోజూ వాడితో చదివించారు. సెలవులు అయిపోయేసరికి బాబు స్టూలు మీద కూర్చుని పైపులో ముక్కలు వేస్తున్నాడు. తాకించలేదు. ఆరేళ్ల పిల్లాడికి, ఏడాదికి ఒకసారి కలిసే కుక్కకు అంతకంటే అవసరం లేదని నా అభిప్రాయం.

ప్రస్తుతం

టీచరమ్మ పొద్దున్నే పూలు కోస్తున్నారు. బట్టల తీగ దగ్గర షేడ్ నెట్ తీసేశాం. రాకీ కోతులను చూసి మునుపటిలాగే మొరుగుతుంది, జామకాయలు దక్కుతున్నాయని యజమాని సంతోషంగా ఉన్నాడు. చెత్త ఆటోను చూసి కూడా మొరుగుతుంది. దాని జోలికి మేం పోలేదు. వానాకాలం వస్తే చెవి మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి అబ్బాయి వారం వారం చెవి వాసన చూస్తున్నాడు. స్నానం చేయించాక లోపల తడి లేకుండా తుడుస్తున్నాడు.

ఇంకా మిగిలింది హెల్మెట్. టీచరమ్మ అల్లుడు బండి మీద హెల్మెట్‌తో వస్తే రాకీ ఇప్పటికీ జాలీ దాకా పరుగెత్తుకొస్తుంది. తీసేస్తే మొరగదు. తల ఆకారం మారిపోయిన మనిషి చాలా కుక్కలకు కొత్త మనిషే. అందుకని ఒక పాత హెల్మెట్‌ను వరండా చివర అదే కుర్చీ మీద పెట్టించాం. రాకీ దాన్ని చూసినప్పుడల్లా అబ్బాయి ముక్క వేస్తున్నాడు. కుర్చీలో ఉన్న హెల్మెట్‌ను చూసి తల తిప్పి అబ్బాయి వైపు చూడటం మొదలైతే, వచ్చే పండక్కి అల్లుడు దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడతాడు. తలకు పెట్టుకోవడం ఆ తర్వాత.